1729: మూడు ప్రధానాంకాలు, రెండు ధర్మాలు

ఉపోద్ఘాతం

1729 అనగానే శ్రీనివాస రామానుజన్ గుర్తుకు వస్తారు. పట్నీలో అస్వస్థులై ఉన్న ఆయనను చూడవచ్చిన జి.హెచ్. హార్డీ, తాను ఎక్కి వచ్చిన టాక్సీ సంఖ్య 1729 అనీ, అందులో విశేషమేమీ కనిపించలేదనీ అన్నారు. రెండు ధన ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల సంఖ్యల్లో అదే కనిష్ఠమని రామానుజన్ బదులిచ్చారు. తరగతి గదుల్లో ఈ సంఘటన తరచు వినిపిస్తుంది గాని, వివరణ అక్కడితోనే ఆగిపోతుంది. ఆ ధర్మానికి మూలమేమిటో, ఆ మూలం నుండే వెలువడే మరొక ధర్మమేమిటో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఘనాల మొత్తం

1729 = 12³ + 1³ = 10³ + 9³. 1729 కంటె చిన్నవైన ఘనాలు 1 నుండి 12 వరకు గల సంఖ్యలవే. వాటితో ఏర్పడే 78 జతలను పరిశీలిస్తే కనిష్ఠత రుజువవుతుంది.

x³ + y³ = (x + y)(x² − xy + y²) అన్న సూత్రాన్ని ప్రయోగిస్తే మొదటి రూపం 13 × 133గా, రెండవది 19 × 91గా విడిపోతుంది. 133 = 7 × 19; 91 = 7 × 13. అనగా 7, 13, 19 అనే మూడు ప్రధానాంకాలనే రెండు రకాలుగా జతపరచగా ఈ రెండు రూపాలు ఏర్పడ్డాయి.

రామానుజన్ సమాధానాన్ని కేవలం తక్షణ స్ఫురణగా భావించడం సరికాదు. 1976లో జార్జ్ ఆండ్రూస్ వెలికితీసిన ఆయన రాతప్రతుల్లో 9³ + 10³ = 12³ + 1, 135³ + 138³ = 172³ − 1 వంటి సమీకరణాలు కనిపిస్తాయి. ఘనాల విషయంలో ఫెర్మా సమీకరణానికి ఒకటి తేడాతో దగ్గరగా వచ్చే సంఖ్యలివి. ఆ సమాధానం వెనుక దీర్ఘకాల సాధన ఉన్నది.

ప్రధానసంఖ్యను పోలిన సంయుక్తసంఖ్య

p ప్రధానసంఖ్య అయి, a దానితో భాగింపబడకపోతే, aᵖ⁻¹ను pతో భాగించగా శేషం 1 అని ఫెర్మా లఘు సిద్ధాంతం. దీని విపర్యయం సత్యం కాదు. 1728 అనేది 6, 12, 18లతో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఇవి వరుసగా 7, 13, 19ల కంటె ఒకటి తక్కువైన సంఖ్యలు. కనుక 1729తో సాపేక్ష ప్రధానమైన ఏ aకైనా a¹⁷²⁸ శేషం 1 అవుతుంది. ఇటువంటి సంయుక్తసంఖ్యలను కార్మైకేల్ సంఖ్యలంటారు. 561, 1105ల తరువాత మూడవది 1729. ఇవి అనంతమని 1994లో ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పోమరెన్స్ నిరూపించారు.

రహస్యలిపి శాస్త్రానికి పెద్ద ప్రధానసంఖ్యలు అవసరం. కేవలం ఫెర్మా పరీక్షపై ఆధారపడితే ఇటువంటి సంఖ్యలు ప్రధానసంఖ్యలుగా చలామణి కాగలవు. అందుచేత వర్గమూలాలను కూడా పరిశీలించే మిల్లర్–రాబిన్ పరీక్ష వాడుకలోకి వచ్చింది. 2¹⁰⁸ను 1729తో భాగిస్తే శేషం 1. 2⁵⁴కు శేషం 1065. మాపకం ప్రధానసంఖ్య అయినప్పుడు 1కి వర్గమూలాలు 1, −1 మాత్రమే. 1065 ఆ రెండూ కాదు. కనుక 1729 సంయుక్తసంఖ్య. పైగా 1064, 1729ల గ.సా.భా. 133 కావడంతో కారణాంకం కూడా బయటపడుతుంది.

ముగింపు

ఘనాల ధర్మానికీ, ఫెర్మా పరీక్షను దాటిపోయే స్వభావానికీ 7, 13, 19లే ఆధారం. సంఘటనతో పాటు ఈ కారణాంక విభజనను కూడా బోధిస్తే, 1729 విద్యార్థికి ఒక ముచ్చటగా మిగిలిపోక సంఖ్యాశాస్త్రానికి ప్రవేశద్వారమవుతుంది.