కవ్వం మీది గీతలు

శ్రీకాకుళం జిల్లాలోని మా అమ్మమ్మగారి వంటింట్లో గోడవారగా ఒక గుంజ ఉండేది. దానికి తాడుతో కవ్వం కట్టి, కూర్చుని చల్ల చిలికేది అమ్మమ్మ. ఆ ఇల్లు తీసేసిన రోజు అటక మీది సామానులోంచి నేను తెచ్చుకున్నది ఆ కవ్వం ఒక్కటే. కింద తల తొనలు తొనలుగా చీల్చి ఉంటుంది. కాడ మీద తరిమెన పట్టి తీసిన గీతలు ఏడు. తాడు ఒరుసుకున్న చోట రెండు గీతలు అరిగి, వేలికి తగలనంత నునుపెక్కాయి. గీతలు లేకపోయినా వెన్న పడుతుంది. అయినా చేసినవాడు వాటిని పెట్టాడు.

పాత ఇంగ్లండ్ పల్లెల్లోనూ ఇదే శ్రద్ధ. వెన్నముద్ద మీద ఆవో, హంసో, పువ్వో పడేలా చెక్క అచ్చులు చెక్కేవారు. తిండికి వాసన అంటదని పాల పనికి సికమోర్ కలప వాడేవారు. ఎడ్వర్డ్ పింటో అనే ఆయన అలాంటి చెక్క సామాను ఏళ్ల తరబడి కూడబెడితే, 1965లో బర్మింగ్‌హామ్ మ్యూజియం ఆ సేకరణను తీసుకుంది.

మనవాళ్లు పనిముట్టు మీద బొమ్మలు చెక్కడం కన్నా దానికి బొట్టు పెట్టడమే ఎక్కువ. పెళ్లికి పసుపు దంచే రోకలిని చూడండి. ఒళ్లంతా పసుపు, పైన కుంకుమ బొట్లు, మెడలో మామిడాకులు. ఆ పూట అది కూడా పెళ్లికూతురే.

రంగులు చూడాలంటే మాత్రం విశాఖ దాటి, వరాహ నది ఒడ్డున ఉన్న లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకకు వెళ్లాలి. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. అక్కడ తరిమెన మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులను ఈ పనిలోకి మళ్లీ తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

నన్ను కట్టిపడేసేవి అక్కడి లక్కపిడతలు. పొయ్యి, రోలు, తిరగలి... వంటిల్లంతా అరచేతిలో పడుతుంది. అసలు తిరగలిని ఎన్నడూ చూడని పిల్లలకు దాని రూపం ఈ బొమ్మతోనే తెలుస్తోంది. పనిముట్టు పోయి బొమ్మ మిగిలింది. ఇది నాకు సంతోషమూ, బెంగా.

చేయి తిరిగిన పనివాళ్లు మనకు ఇంకా ఉన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తున్నారు. అడిగేవాళ్లుంటే కవ్వమూ, పప్పుగుత్తీ, తెడ్డూ అందంగా చేసిచ్చే చేతులు ఈ ప్రాంతంలో దొరుకుతాయి.

మీ అటక మీద పాత కవ్వమో, జంతికల గొట్టమో ఉంటే పొయ్యిలో పెట్టకండి. దుమ్ము తుడిచి కాస్త నూనె రాయండి. అది ఏ కర్రో, ఎవరు చేశారో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.