పాలు పొంగాయి సరే, గోడలు ఆరాయా?

పత్తి మొదటి ఏరుడు అయిపోయి, వడ్లు కల్లం నుంచి ఇంటికి చేరే రోజుల్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఏ వూరికి వెళ్ళినా ఒకటో రెండో కొత్త ఇళ్ళకు మామిడి తోరణాలు కనిపిస్తాయి. వేసవిలో పునాది తీసి, వానల్లో సగం గోడల దగ్గర ఆగిపోయి, దసరా దాటాక మళ్ళీ అందుకున్న ఇళ్ళు ఇవి. పంట డబ్బు నాలుగు రాళ్ళు చేతికి వచ్చేది ఇప్పుడే. చలి ముదిరేది కూడా ఇప్పుడే. అందుచేత మన వైపు ఎన్నో కుటుంబాలు కొత్త ఇంట్లో మొదటి రాత్రి నిద్ర చేసేది ఏడాదిలోకెల్లా చలి ఎక్కువగా వుండే నెలల్లోనే.

2016లో జిల్లా నాలుగు ముక్కలైంది గాని చలి మాత్రం నాలుగింటికీ ఉమ్మడిగానే వుంది. సిర్పూరు, తిర్యాణి, ఉట్నూరు వైపు రాత్రిపూట పది డిగ్రీల లోపుకు దిగిపోవడం ప్రతి ఏడాదీ చూస్తున్నదే.

దీనికి తోడు ముహూర్తాల లెక్క ఒకటి. కార్తీకం, మార్గశిరం మాసాల్లో మంచిరోజు చూసుకుని పాలు పొంగించుకునేవారు చాలామంది. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వచ్చిందంటే సంక్రాంతి దాకా పంతులుగారు పంచాంగం తీయరు. పుష్యం శూన్యమాసం అంటారు. ఆ పైన మాఘం కోసం ఆగవలసిందే. (పుష్యం అందరికీ శూన్యం కాదు లెండి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలయ్యేది పుష్య అమావాస్య నాడే. గోండులకు ఏడాదిలో పెద్ద పండుగ అదే.) మార్గశిరంలో పెట్టుకున్న ముహూర్తం తప్పితే మళ్ళీ రెండు నెలలు ఆగాలన్న బెంగతో ఇంటి యజమాని మేస్త్రీ వెంట పడతాడు. చిక్కంతా ఇక్కడే మొదలవుతున్నది.

మేస్త్రీ మాట వినండి

"సెంట్రింగ్ ఎన్నడు ఇప్పుతవ్ మేస్త్రీ, పదో తారీకు పాలు పొంగియ్యాలె" అని ఇంటాయన అడుగుతాడు. "ఇంకో వారం ఆగుదాం పటేలా, చలికి స్లాబ్ గట్టి పడతలేదు" అని మేస్త్రీ బతిమాలుతాడు. ఏ వూళ్ళో విన్నా ఇదే సంభాషణ. నూటికి తొంభై సార్లు నెగ్గేది ఇంటాయన మాటే.

మేస్త్రీ చెప్పేది చాదస్తం కాదు. కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో ప్రమాణంగా తీసుకునే ఐ.ఎస్. 456 నియమావళి ప్రకారం, నాలుగున్నర మీటర్ల లోపు, అంటే సుమారు 15 అడుగుల లోపు గది స్లాబ్ కింది పోటు కర్రలను 7 రోజుల దాకా తీయరాదు. గది అంతకన్నా పెద్దదైతే 14 రోజులు ఆగాలి. దూలాల కింద ఇంకా ఎక్కువ రోజులు వుంచాలి. ఆ అంకెలు చూసి, వారం చాలునట కదా అని సంతోషపడవద్దు. గాలిలో వేడి 15 డిగ్రీలకు తగ్గకుండా వున్నప్పుడు, మామూలు సిమెంటు వాడినప్పుడు, నీళ్ళు బాగా పట్టినప్పుడు మాత్రమే ఆ లెక్క వర్తిస్తుందని అదే నియమావళి చెబుతున్నది. మన డిసెంబరు రాత్రులు 15 డిగ్రీలకు ఎంతో కిందికి పోతాయి. పైగా ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా దొరికేది బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటు. అది మంచిదే గాని, మొదటి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. చలికి ఇంకా నెమ్మదిస్తుంది. చిన్న గదికైనా రెండు మూడు వారాలు కర్రలు వుంచితే పెరిగేది సెంట్రింగ్ అద్దె మాత్రమే. తొందరపడి విప్పితే స్లాబ్ నడుమ కిందికి జారి, వచ్చే వానాకాలానికి ఆ నెర్రెల గుండా నీళ్ళు దిగుతాయి. ఒక్కోసారి విప్పే కూలీ నెత్తిన పడే ప్రమాదమూ వుంది.

నీళ్ళు పట్టడం సంగతి కూడా అంతే. చలికాలం కదా, తడి ఆరడం లేదు కదా అని నాలుగు రోజులకే మానేస్తారు. స్లాబ్ మీద మడులు కట్టి కనీసం 10 రోజులు నీళ్ళు నిలపాలి. రాత్రి చలిగా వున్నా పగటి ఎండకు, పొడి గాలికి పై పొర ఆరిపోతూనే వుంటుంది.

గోడ తాగిన నీరు

ఇన్ని రోజులు పట్టిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఇటుక తాగింది, మాలు తాగింది, నేల తాగింది. పైకి చూస్తే గోడ తెల్లగా ఆరినట్టే వుంటుంది. లోపల పచ్చిగా వుంటుంది. ఎండాకాలంలో అయితే వడగాలికి త్వరగా లాగేస్తుంది. చలికాలంలో పొద్దున మంచు, సాయంత్రం మంచు, నడుమ నాలుగైదు గంటలే ఎండ. పూర్తిగా ఆరడానికి నెలలే పడుతుంది.

తడి వుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ఇంజనీరు అక్కరలేదు. రెండడుగుల పాలిథిన్ ముక్క తీసుకుని గోడకు గాని నేలకు గాని పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. కవరు లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు వుంటే గోడ ఇంకా పచ్చిదేనన్నమాట. అలాంటి గోడకు పుట్టీ పెట్టి ఖరీదైన రంగు వేయిస్తే ఆరు నెలలు తిరగకుండానే పొరలు పొరలుగా లేస్తుంది. సౌడు తెల్లగా పూస్తుంది. చుట్టాలు వచ్చేసరికి ఇల్లు మెరవాలన్న కోరిక మంచిదే. ఆ రోజుకు సున్నం వేయించి, రంగులు ఎండాకాలానికి వాయిదా వేసుకుంటే డబ్బు దండగ కాదు.

తడి గోడకు బీరువా ఆనించి పెడితే వెనక బూజు పట్టి లోపలి బట్టలు ముక్క వాసన వేస్తాయి. మూరెడు జరపండి. మంచం కూడా గోడకు తగలకుండా వేసుకోవాలి. పొద్దున పది గంటల నుంచి నాలుగింటి దాకా ఎదురెదురు కిటికీలు, దర్వాజలు తీసి వుంచాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు గనుక దక్షిణపు కిటికీ నుంచి ఎండ గది లోపలి దాకా వస్తుంది. ఆ కిటికీకి అడ్డంగా బట్టల మూట పెట్టి మూసేసిన ఇళ్ళు ఎన్నో వున్నాయి.

ఆ మొదటి రాత్రి

గృహప్రవేశం నాడు ఆవూ దూడా లోపలికి వస్తాయి. పాలు పొంగుతాయి. వాకిట్లో గుమ్మడికాయ పగులుతుంది. ఆ రాత్రి ఇంటివారు అక్కడే నిద్ర చేయాలి, దీపం కొండెక్కకూడదు అన్నది ఆచారం. ఎవరూ కాదనరు. అయితే ఆ రాత్రి ఏం జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. పచ్చి గోడలు, కాళ్ళు జివ్వుమనే కొత్త నేల, గదికి పదిమంది చుట్టాలు. చంటిపిల్లలు, ముసలివారు వణుకుతున్నారని ఎవరో ఒకరు కుంపటిలో బొగ్గులు రాజేసి గది మధ్య పెడతారు. చలిగాలి రాకుండా కిటికీలు, తలుపులు బిగిస్తారు.

పాత ఇంట్లో కూడా పెట్టేవాళ్ళం కదా, ఏమైంది అని అడగవచ్చు. పాత గూన పెంకుల ఇంటికి పైకప్పు అంతా సందులే. పొగ, గాలి ఆ సందుల్లోంచి పోయేవి. కొత్త స్లాబ్ ఇంటికి ఆ సందులు లేవు. తలుపు, కిటికీ బిగించితే అది మూత పెట్టిన డబ్బాయే. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ప్రాణవాయువుకు చోటు వుండదు. మెలకువగా వున్నవారికైతే తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదలవుతాయి. పడుకున్నవారికి అదీ తెలియదు. నిద్రలోనే స్పృహ తప్పుతుంది.

పొగ రావడం లేదు కదా, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి కదా అన్న ధైర్యం వద్దు. పొగ లేని నిప్పు నుంచి కూడా ఈ వాయువు వస్తుంది. పక్కన చెంబుతో నీళ్ళు పెడితే విరుగుడు అన్న మాటలోనూ నిజం లేదు. మంచిర్యాల, బెల్లంపల్లి, మందమర్రి వైపు గని బొగ్గు వాడే ఇళ్ళవారు మరీ జాగ్రత్త పడాలి. చలి కాగాలంటే వాకిట్లో కాగండి. నిప్పు పూర్తిగా చల్లారని కుంపటిని పడక గదిలోకి తేవద్దు. ఎవరైనా మత్తుగా, తల తిరుగుతున్నట్టు కనిపిస్తే ముందు తలుపులన్నీ తీసి, వారిని బయటి గాలికి తెచ్చి, 108కి ఫోన్ చేయాలి.

ఆచారం తప్పకుండానే ఒక మార్గం వుంది. ఇంటి యజమాని దంపతులు కొత్త ఇంట్లో నిద్ర చేయండి. దీపం వెలగనివ్వండి, కిటికీ ఓరగా తెరిచి వుంచండి. బాలింతలను, చంటిపిల్లలను, ఆయాసం వున్న పెద్దలను ఆ రాత్రికి పాత ఇంట్లోనో, పక్కింటి వారింట్లోనో పడుకోబెట్టండి. పాలు పొంగించినంత మాత్రాన సామానంతా మర్నాడే దించాలన్న నియమం ఏ పంచాంగంలోనూ లేదు. పాత ఇల్లు కూలగొట్టకుండా శివరాత్రి దాకా వుంచుకున్నవారు సుఖపడుతున్నారు. వూళ్ళో కాస్త తిరిగి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

హాల్లో పత్తి

మన జిల్లాలో కొత్త ఇంటికి మనుషుల కన్నా ముందు దిగేది పత్తి. ధర పెరుగుతుందని ఆగేవారు, కొనుగోలు కేంద్రంలో వంతు కోసం చూసేవారు అందరూ పత్తిని ఇంట్లోనే పోస్తారు. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో కనీసం 400 చదరపు అడుగుల్లో ఇల్లు కట్టుకోవాలి. అంత ఇంట్లో ఒక గది పత్తికి పోతే మిగిలేది ఎంత? పత్తి మీదే పిల్లలు పడుకుంటారు. ఒళ్ళంతా దురదలు.

పత్తికి కూడా ఈ కాపురం మంచిది కాదు. సి.సి.ఐ. పత్తి కొనేటప్పుడు తేమ 8 శాతం వుంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన 12 వరకు ఒక్కో శాతానికి ధర కోసుకుంటూ పోతుంది. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవలసిందే. చేనులో ఎండిన పత్తిని తెచ్చి పచ్చి సిమెంటు నేల మీద పోస్తే ఆ నేల తాగిన నీరంతా అడుగు పత్తి లాగుతుంది. ఇల్లు కట్టుకున్న సంబరంలో క్వింటాలుకు ఎంత పోయిందో మార్కెట్ యార్డులో తెలుస్తుంది. ఇటుకలు పేర్చి, బల్లలు వేసి, మీద టార్పాలిన్ పరిచి, గోడకు జానెడు దూరంలో పోసుకోవాలి. వడ్ల బస్తాలకూ ఇదే పద్ధతి. పత్తి వున్న ఇంట్లో కుంపటి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక్క నిప్పురవ్వ చాలు.

కొత్త ఇళ్ళలో వేడినీళ్ళకు కరెంటు రాడ్డు బకెట్లో వేయడం ఈ మధ్య మామూలైంది. పచ్చి గోడలో తీసిన వైరింగు, ఎర్తింగు ఇంకా వేయని మీటరు, తడి నేల, ఇనుప బకెట్. ఈ నాలుగూ కలిస్తే ఏమవుతుందో వూహించుకోవచ్చు. ఎర్తు గుంట తీయించిన తర్వాతే రాడ్డు కొనండి. కొన్నాక కూడా స్విచ్ ఆపి, ప్లగ్ పీకిన తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టండి.

ముసలమ్మకు ఎండ ఏదీ?

మూరెడు మందం మట్టి గోడలు పగటి వేడిని దాచుకుని రాత్రికి మెల్లగా ఇచ్చేవి. పెంకుల కింద అటక వుండేది, అటక మీద గడ్డీ గింజలూ వుండేవి. ఇప్పుడు 9 అంగుళాల గోడ, లోపల నాలుగున్నర అంగుళాల గోడ, పైన నాలుగైదు అంగుళాల స్లాబ్. మబ్బులేని రాత్రి స్లాబ్ వేడినంతా ఆకాశానికి వదిలేసి తెల్లవారేసరికి మంచుగడ్డలా వుంటుంది. మంచం మీద ఎన్ని దుప్పట్లు కప్పినా నులక సందుల్లోంచి కింది చలి తగులుతుంది. కప్పుకునే గొంగడి కన్నా కింద పరిచే గొంగడి ముఖ్యం. నేల మీద పడుకోక తప్పనివారు చాప కింద వరిగడ్డి మందంగా వేసుకోవాలి. కొత్త ఇంట్లో గడ్డి ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వనీండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. పాత ఇళ్ళకు వాకిలి పక్కన అరుగు వుండేది. చలికాలం పొద్దున ముసలివాళ్ళు ఆ అరుగు మీద ఎండకు కూర్చుని, దారిన పోయేవారిని పలకరించేవారు. వూరి చివర ప్లాట్లలో కట్టిన కొత్త ఇళ్ళకు ప్రహరీ వుంది, గేటు వుంది, అరుగు లేదు. ఇంటికి దిగిన నెల తిరగకముందే ముసలమ్మ పాత ఇంటికి నడుస్తానని పోరు పెడుతుంది. కొడుకు కోడలు సరిగా చూడటం లేదేమో అని వూరు అనుకుంటుంది. ఆమెకు కావలసింది పొద్దుటి ఎండ, నాలుగు మాటలు.

పని అయిపోయాక ప్రతి ఇంటి ముందూ వంద, రెండు వందల ఇటుకలు మిగిలిపోయి వుంటాయి. మేస్త్రీ లెక్క తేల్చుకుని వెళ్ళక ముందే తూర్పు వైపున, గేటు బయట, రెండడుగుల వెడల్పుతో ఒక అరుగు కట్టించండి. ఒక్క పూట పని.