చదువనొల్లని పిల్లవానికి పట్టపు చదువు

ఈ దినము నేను ముచ్చటింపబోవు విషయము మీ యందరి యిండ్లలోను ఏదో యొక వేసవిలో తలయెత్తునదియే. ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడును. దాళ్వా పంట యమ్మి చేతిలో నాలుగు రూకలు ఆడు దినములవి. పిల్లవానిని ఏ కళాశాలకు పంపుదునా యని తండ్రి యోచించుచుండగా, ఆ పిల్లవాడు “నేనింక చదువను” అని కూర్చుండును. తండ్రి కేకలు వేయును. తల్లి కంటనీరు పెట్టును. తుదకు ఇరువురును ఊరిలో మాట చెల్లు పెద్దవారి యరుగు నెక్కుదురు. ఆ పెద్దలు మీరే. మీరు చెప్పు నాలుగు మాటలమీద ఒక యెకరము నేలయు, ఒక పిల్లవాని మూడు నాలుగేండ్ల ప్రాయమును ఆధారపడి యుండును. కావున ఆ మాట తెలిసి చెప్పుట మంచిది.

నేను చిరకాలము డిగ్రీ కళాశాలలో బోధించి విశ్రాంతి గొనియున్నవాడను. చదువనొల్లనని వచ్చిన పిల్లలను పెక్కుమందిని చూచితిని. అందరి యొల్లనితనమును ఒక్కటి కాదు. వైద్యుడు నాడి చూడక మందీయనట్లే, మనమును కారణ మెరుగక సలహా చెప్పరాదు. ఈ కారణములు తరచుగా నాలుగు విధములు.

మొదటిది అలసట. రెండేండ్లు వసతి కళాశాలలో తెల్లవారకముందు లేచి రాత్రి దాక పరీక్షలు వ్రాసి వ్రాసి పుస్తకమన్న వెగటు పుట్టినవాడు. వానికి కావలసినది విశ్రాంతి గాని మందలింపు కాదు. రెండవది భయము. తెలుగులో చదివి యింగ్లీషు తరగతిలో కూర్చుండవలసి వచ్చునే యని బెదరువాడు. వాడు బెదరితినని చెప్పడు, ఒల్లననియే చెప్పును. మూడవది సంపాదనమం దాసక్తి, లేదా ఇంటి యప్పు చూచి మనసులో కుములుట. నాలుగవది, తండ్రి కోరిన చదువు వేరు, తాను కోరినది వేరు. ఈ నాలుగింటిలో ఏది యైనది తెలియుటకు పిల్లవానిని తండ్రి యెదుట గాక, ఒంటరిగా పిలిచి యడుగవలయును. ఆడపిల్ల యైనచో తల్లియో పెద్దమ్మయో అడుగవలయును.

నా యెరుకలోని యొక కుటుంబము సంగతి చెప్పెదను. తండ్రి రెండెకరముల రైతు. కుమారునికి ఇంజనీరింగులో యాజమాన్యపు కోటా సీటు కొనుటకై అరయెకరము బేరము పెట్టెను. కుమారుడో, మండల కేంద్రమున పంపుసెట్ల మోటారులు బాగుచేయు దుకాణములో నిత్యమును కాలక్షేపము చేయుచుండెను. వానిని పిలిచి యడిగితిని. “చదువంటే నాకు పగ లేదు మాస్టారూ. ఆ హాస్టలు గదిలోకి మళ్ళీ పోలేను. మోటారు పనిలో చెయ్యి కుదురుతోంది. పొలం అమ్మి చదివించి, రేపు నేను తప్పితే నాన్న మొహం ఎలా చూడను?” అని వాడనెను. వినుడు: ఇది సోమరి పలికిన మాట కాదు. తండ్రికంటె కుమారుడే లెక్క బాగుగా వేసియుండెను. బేరము ఆగినది. వాడు దుకాణములో పని చేయుచునే సార్వత్రిక విశ్వవిద్యాలయమున తెలుగు మాధ్యమములో బి.కాం.కు చేరెను. నడుమ రెండు పేపర్లు తప్పెను, మరల వ్రాసెను. మూడేండ్ల చదువునకు ఐదేండ్లు పట్టినది. వాడు గొప్ప యుద్యోగి కాలేదు. కాని నేల నిలిచినది, పట్టము చేతికి వచ్చినది, సొంత దుకాణము లెక్కలు వాడే వ్రాసికొనుచున్నాడు. అన్నిటికంటె మేలు, తండ్రియు కొడుకును ఒక పంక్తిని కూర్చుండి భోజనము చేయుచున్నారు.

అట్లయిన పట్టమే యెందులకు, పని చాలదా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పనితనమే కూడు పెట్టును, సందేహము లేదు. కాని పెక్కు తలుపులకు పట్టము తాళపుచెవి వంటిది. బ్యాంకు గుమాస్తా పరీక్షకు పట్టము కావలయును. సివిలు సర్వీసులకు పట్టము కావలయును. 2018లో తెలంగాణములో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకమునకును పట్టమే యర్హత. పదునెనిమిదేండ్లనాడు అక్కరలేదనినవాడు ఇరువదియైదేండ్లకు కావలయు ననవచ్చును. కావున తలుపు మూయకుండ, తక్కువ వ్యయముతో, వాని కోరికకు భంగము రాకుండ, పట్టమును మెల్లగా సాధించు మార్గమేదియో చూడవలయును.

ఈ మార్గము మన తెలుగుగడ్డకు కొత్తది కాదు. దేశములోని మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన యొద్దనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయ మను పేర నెలకొన్నది. నేడది అంబేద్కరు గారి పేర హైదరాబాదులో నున్నది. మూడేండ్ల తరువాత, 1985లో, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఢిల్లీలో వెలసెను. ఈ రెంటికిని తొలి ఉపాధ్యక్షులు జి. రాంరెడ్డి గారే. పని చేసికొనువారికిని, ఇల్లాండ్రకును, దూరగ్రామముల వారికిని ఉన్నతవిద్య అందవలయు ననుటయే వీని యుద్దేశము. పాఠములు పుస్తకరూపమున వచ్చును; సెలవుదినములలో అధ్యయన కేంద్రమున కొన్ని తరగతులు జరుగును; పరీక్షలు నియమితకాలమున నుండును. ఇట్లు పొందిన పట్టము, నిత్యము తరగతికి పోయి పొందిన పట్టముతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి 2020 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. 2022లో సంఘము వారు ఆ మాటను మరల స్పష్టపరచిరి.

ఇంకొక సౌకర్యము 2020 నాటి జాతీయ విద్యావిధానముతో వచ్చినది. దానిని మన గాదెతో పోల్చి చెప్పెదను. చదివిన చదువును క్రెడిట్లను కొలతతో కొలుతురు. ఒక యేటి చదువు 40 క్రెడిట్లు. అవి పిల్లవాని పేర నుండు క్రెడిట్ల బ్యాంకులో, గాదెలో ధాన్యమువలె, నిలువ యుండును. 40కి సర్టిఫికెట్, 80కి డిప్లొమా, 120కి పట్టము, 160కి ఆనర్సు పట్టము. నడుమ ఆగినవాడు నిలువ చేసికొన్న క్రెడిట్లతో మరల చేరవచ్చును. ఏడేండ్ల దాక అవి చెల్లును. అనగా ఒక యేడు చదివి మానినవాని యేడు మట్టిలో కలిసిపోదు. అయితే అన్ని కళాశాలలును దీనిని ఒకే తీరున అమలు జరుపుట లేదు. చేరుటకు ముందే “ఒక యేటి తరువాత ఆగినచో మా వానికి ఏమి యిత్తురు?” అని యడిగి, కాగితముమీద చూపుమనవలయును.

ఇక వ్యయము సంగతి. మనవారు కళాశాల రుసుమును మాత్రమే లెక్కింతురు. వసతిగృహము, బస్సు, బట్టలు, పుస్తకములు, పిల్లవాడు పని మానుటచే పోవు కూలి, అప్పునకు వడ్డీ, ఇవి యన్నియు కలిపి కాగితముమీద వ్రాయుడు. అప్పుడొక చిత్రము కనబడును. అన్నిటికంటె చౌకయైనది దూరవిద్యయే యని చెప్పుటకు వీలులేదు. ప్రభుత్వము పేద విద్యార్థులకు చెల్లించు బోధనరుసుము సాధారణముగా కన్వీనరు సీటున నిత్యము కళాశాలకు పోవువారికే వర్తించును. దూరవిద్యకును, యాజమాన్యపు కోటాకును వర్తింపదు. కావున ఇంటినుండి పోయి రాదగిన దూరమున ప్రభుత్వ డిగ్రీ కళాశాల యుండి, పిల్లవానికి తరగతియందు విముఖత లేనిచో, అదియే చౌక కావచ్చును. పని మానజాలని వానికిని, వసతిగృహమున నుండజాలని వానికిని, ఇల్లు విడువరాని ఆడపిల్లకును సార్వత్రిక విద్య తగును.

కాలమునుగూడ రూపాయలవలెనే లెక్కింపవలయును. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయపు లెక్కలో ఒక క్రెడిటునకు 30 గంటల చదువు. 40 క్రెడిట్లకు 1200 గంటలు. అనగా వారమునకు ఇంచుమించు 23 గంటలు, దినమునకు మూడు గంటలకు పైన. పగలెల్ల పని చేయువానికి ఇది బరువే. కాని అచ్చట మూడేండ్ల పట్టమును ఆరేండ్ల లోపల ముగింపవచ్చును. ఆరేండ్లకు పరచినచో బరువు సగమగును, దినమునకు గంటన్నరకు కొంచెము మించును. మరియొక మాట. అచ్చటి పరీక్షలు జూన్, డిసెంబరు మాసములలో జరుగును. జూన్ మనకు ఏరువాక కాలము, డిసెంబరు వరికోతల కాలము. ఇది ముందుగా తలచుకొనని యింటిలో పిల్లవాడు పరీక్షనాడు పొలములో నుండును. ఆ దినములకు కూలివాని నొకని ముందే మాటాడుకొనుడు. ఇంటివద్ద వ్రాసి పంపవలసిన అభ్యాసములకు నూటికి 30 వంతులు, పరీక్షకు 70 వంతులు మార్కులుండును. ఆ 30 వంతులను అశ్రద్ధ చేసి చెడువారు పెక్కుమంది.

ఇప్పుడు మోసముల సంగతి. పట్టణములలో బోర్డులు కట్టి “ఒక్క యేటిలో డిగ్రీ” అని పిలుచువారు కలరు. అట్టి మాట విన్నంతనే లేచి రండు. రూపాయి కట్టుటకు ముందు మూడు సంగతులు చూడుడు. ఒకటి, ఆ విశ్వవిద్యాలయమునకును ఆ చదువునకును నిధుల సంఘము వారి దూరవిద్యా విభాగపు అనుమతి ఆ యేటికి కలదా? సంఘము వారి వెబ్‌సైటులో ఆ పట్టిక యుండును. చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనవచ్చును. రెండు, ఆ అధ్యయన కేంద్రము ఆ విశ్వవిద్యాలయపు పరిధిలోనిదేనా? రాష్ట్ర విశ్వవిద్యాలయము తన రాష్ట్రము దాటి కేంద్రము నడుపరాదు. 2014లో రాష్ట్రము రెండైనందున మన ఉభయప్రాంతములవారును దీనిని ప్రత్యేకముగా విచారించుకొనవలయును. మూడు, ఆ చదువు దూరవిద్యలో చెప్పదగినదేనా? ఇంజనీరింగు, వైద్యము, ఫార్మసీ, నర్సింగు, న్యాయశాస్త్రము, వ్యవసాయము ఇట్లు చెప్పుట నిషిద్ధము. ఇంకొక హెచ్చరిక యేమనగా, ఏ కళాశాలయైనను అసలు సర్టిఫికెట్లను తనయొద్ద ఉంచుకొనరాదని సంఘము వారు 2018లో ప్రకటించియున్నారు. నకళ్ళిచ్చి, అసళ్ళు ఇంటి పెట్టెలో నుంచుకొనుడు.

తుదకు పిల్లవానితో ఒడంబడిక. బలవంతమున చేర్చిన చదువు తాడు కట్టి లాగిన బండివంటిది. తాడు తెగినచోటనే ఆగిపోవును. కావున వానితో ఇట్లనుడు: “నాయనా, నాలుగేండ్లమాట యిప్పు డక్కరలేదు. ఒక్క యేడు చదువుము. విషయము నీవే యెన్నుకొనుము. పని చేసికొనుము. రుసుములో సగము నీ సంపాదనమునుండి కట్టుము, సగము మేము కట్టెదము. ఏడు తిరిగిన పిమ్మట మరల కూర్చుండి మాటాడుదము. అప్పుడును వద్దన్నచో నిన్ను నిందింపము.” తన రూపాయి పడిన చదువును పిల్లవాడు తేలికగా విడువడు. తండ్రితోను ఒక మాట యనుడు: ఆ యేడంతయు ప్రక్కింటివాని కుమారునితో పోల్చి మాటాడరాదు. రూపాయి ఖర్చులేని యీ నిబంధనమే పాటించుటకు మిక్కిలి కష్టమైనది. దానికి పూచీ మీరే యుండవలయును.

ఒక యేటి తరువాత కూడ వాడు వద్దన్నచో? అప్పుడు వానిని పనిలో స్థిరపడనిండు. ఐ.టి.ఐ. యున్నది, 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద వేతనముతో పని నేర్చుకొను వీలున్నది. నిలువయున్న క్రెడిట్లు ఏడేండ్లు కాచుకొని యుండును. అమ్మిన నేల మాత్రము అట్లు కాచుకొని యుండదు. కావున మీ యరుగెక్కి వచ్చిన తండ్రికి మొదట చెప్పవలసినది ఇది: బేరమును ఒక నెల యాపుము, ఈ నెలలో కుమారునితో ఒక పూటయైన కేకలు లేక మాటాడుము, పిమ్మట కాగితము, కలము తీసికొని నా యొద్దకు రమ్ము, ఇద్దరిని కూర్చుండబెట్టి లెక్క వ్రాయుదము.