నేల చదునుగా ఉన్న బండి

కోరుకొండ చుట్టుపక్కల పల్లెల్లో 1980ల్లో, 90ల్లో పెళ్లిళ్లయినవాళ్లు మగపెళ్లివారి రాక గురించి చెబితే అందులో మెటాడోర్ వ్యాను తప్పకుండా ఉంటుంది. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి లక్ష్మీనరసింహస్వామి తీర్థానికి జనాన్ని తెచ్చింది అదే. రాజమండ్రి ఆసుపత్రికి పురిటి మనిషిని తీసుకెళ్లిందీ, తిరిగొచ్చేటప్పుడు ఎరువుల బస్తాలు వేసుకొచ్చిందీ అదే. ఇప్పుడు అవి కొట్టాల వెనకా చింతచెట్ల కిందా పడి ఉన్నాయి. కొన్నింట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకం వేసుకుపోతే ఆ కథ అక్కడితో సరి. అలా పోనివ్వకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మన దగ్గరున్న వాహనాల్లో రాత్రి పడుకుని, పొద్దున వంట చేసుకుని, మళ్లీ కదిలిపోవడానికి ఇంత అనువుగా కుదిరిన బండి ఇంకొకటి లేదు. ఎందుకు కుదిరిందో తెలియాలంటే దాని పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

మెటాడోర్ పుట్టిల్లు జర్మనీలో హాంబర్గ్ నగరంలో భాగమైన హార్‌బుర్గ్. అక్కడ విడాల్ అండ్ జోన్ అనే కంపెనీ టెంపో పేరుతో మూడు చక్రాల సరుకు బళ్లు తయారుచేసేది. 1949లో నాలుగు చక్రాల మెటాడోర్‌ను బయటికి తెచ్చింది. దానికి పెట్టిన ఇంజిన్ ఫోక్స్‌వాగన్ వాళ్లది. నీళ్లక్కర్లేకుండా గాలితోనే చల్లబడే ఇంజిన్, 25 హార్స్‌పవర్. మరుసటి ఏడాది, 1950 మార్చిలో, ఫోక్స్‌వాగన్ సొంత వ్యానును తయారుచేయడం మొదలుపెట్టింది. 1952లో టెంపోకు ఇంజిన్ల సరఫరా ఆగిపోయింది. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో నోటుబుక్కులో గీసిన నాలుగు గీతల నుంచి పుట్టిన ఆ ఫోక్స్‌వాగన్ వ్యానుకే 1951లో వెస్ట్‌ఫాలియా కంపెనీ మంచం, అలమారా అమర్చింది. క్యాంపర్ వ్యాన్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే బొమ్మ అదే. ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా యూరప్ కుర్రకారు ఇండియా దాకా వచ్చిన రోజుల్లో ఆ దారి పొడవునా అలాంటి వ్యాన్లు కనబడేవి. 1979లో ఇరాన్‌లో విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

ఇంజిన్ పోగొట్టుకున్న మెటాడోర్ మాత్రం చావలేదు. వేరే ఇంజిన్లు పెట్టుకుంది, ఒళ్లు మార్చుకుంది, యజమానుల్నీ మార్చుకుంది. టెంపో కంపెనీ హానొమాగ్ చేతికి వెళ్లింది, హానొమాగ్ వ్యాన్లు మెర్సిడెస్ చేతికి వెళ్లాయి. 1970ల్లో ఈ వంశం వ్యానే జర్మనీలో మెర్సిడెస్ నక్షత్రం పెట్టుకుని తిరిగింది, అక్కడ దాన్ని ఇల్లు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఇక్కడ మన దేశంలో ఫిరోదియా వ్యాపార కుటుంబం 1958లో విడాల్ అండ్ జోన్‌తో ఒప్పందం కుదుర్చుకుని బజాజ్ టెంపో కంపెనీ పెట్టింది. మొదట మూడు చక్రాల బళ్లు, 1960ల చివరికొచ్చేసరికి మెటాడోర్. పుణె దగ్గర ఆకుర్డి ఫ్యాక్టరీ నుంచి 2000 దాకా అది వస్తూనే ఉంది.

ఇంతమంది చేతులు మారినా మారనిది ఒకటుంది: ముందు చక్రాలే బండిని లాగడం. అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే లారీ, జీపు, అంబాసిడర్ కారు అన్నింటికీ ఇంజిన్ ముందుంటే శక్తి వెనక చక్రాలకు వెళ్లేది. అందుకోసం బండి కడుపు కింద పొడవైన షాఫ్టు తిరగాలి, వెనక ఇరుసు మధ్యలో కుండంత డిఫరెన్షియల్ ఉండాలి. ఆ షాఫ్టుకూ ఇరుసుకూ చోటివ్వాలంటే నేల పైకి లేవాల్సిందే. ఫోక్స్‌వాగన్ వ్యానులో ఇంజిన్ వెనకుంది కాబట్టి అక్కడ నేల ఎత్తుగా గట్టులా ఉంటుంది. మెటాడోర్‌లో ఇంజిన్, గేర్‌బాక్సు, లాగే చక్రాలు అన్నీ ముందే. వెనక చక్రాల పని మోయడమే. అందుకే లోపలి నేల కిందకు దిగి, ముందు సీట్ల దగ్గర్నుంచి వెనక తలుపు దాకా బల్లపరుపుగా ఉంటుంది. ముసలమ్మ సులువుగా ఎక్కగలిగేది, స్ట్రెచర్ నేరుగా లోపలికి జారేది అందుకే. ఆ చదును మీద మంచం వేయొచ్చు, పొయ్యి గట్టు కట్టొచ్చు, మనిషి పెద్దగా వంగకుండా మసలొచ్చు.

బండిలో కాపురం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానుకు మార్పులు చేయించి చైతన్య రథం అని పేరు పెట్టారు. దాని మీద నిలబడి మాట్లాడారు, అందులోనే పడుకున్నారు, దారి పక్కనే స్నానం, భోజనం కానిచ్చారు. కొడుకు హరికృష్ణ నడిపారు. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, పాత బండిని మనవాళ్ల చేత్తో మార్చి అందులో నెలల తరబడి బతకవచ్చని రాష్ట్రమంతా కళ్లారా చూసింది. అప్పుడు మేస్త్రీలు చేసిన పనే ఇప్పుడు ఇంటి పెరట్లో మెటాడోర్‌కు చేయాలి.

పెరట్లో పని మొదలుపెట్టేవాళ్ల చూపు ముందు ఇంజిన్ మీదికి పోతుంది. స్టార్ట్ అవుతుందా లేదా అన్నదే ఆత్రం. మా వ్యాను చూడ్డానికొచ్చిన టింకరింగ్ మేస్త్రి ఇంజిన్ వైపు కన్నెత్తి చూడలేదు. "ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు మ్యాటు లేపి స్క్రూడ్రైవరుతో నేలంతా పొడిచి చూడండి, ఎక్కడ దిగుతుందో" అన్నాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఇంజిన్ పాడైతే ఇంకోటి దొరుకుతుంది. మెటాడోర్ ఒళ్లు లారీలా విడిగా బలమైన చాసీ మీద కూర్చోబెట్టిన డబ్బా కాదు. నేల, పక్క రేకులు, కింద డొల్ల పెట్టెల్లాంటి రేకు దూలాలు కలిసి బరువు మోస్తాయి. అవి తుప్పు తింటే బండే లేదు.

తుప్పుకు కావలసినవి మూడే: ఇనుము, నీళ్లు, ఆక్సిజన్. నీళ్లు ధారగా పడనక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, కంటికి కనబడని నీటి పొర రేకు మీద చేరుతుంది. గోదావరి దగ్గర ఆ మాత్రం తేమ లేని రోజులు తక్కువ. దానికి ఉప్పు తోడైతే పని ఇంకా చురుగ్గా సాగుతుంది. కోరుకొండ సముద్రానికి దూరమే కానీ ఉప్పు గాలితోనే రానక్కర్లేదు. మన మెటాడోర్లు మోసిన సరుకేమిటో గుర్తుచేసుకోండి. పొటాష్ ఎరువంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఒక ఉప్పే. డెల్టా వైపు చేపలు, రొయ్యలు మోసిన బళ్లలో ఐసు కరిగిన నీళ్లు నేల సందుల్లోకి దిగాయి. క్లోరైడ్ ఉన్న నీళ్లలో విద్యుత్తు సులభంగా పారుతుంది, తుప్పు పట్టడమంటే రేకులోనే ఒక చిన్న బ్యాటరీ పనిచేయడం. అందుకే ఎరువుల బండి నేల, పెళ్లిళ్ల బండి నేల కన్నా ముందు పోతుంది. కొనేముందు ఆ బండి ఇన్నాళ్లూ ఏం మోసిందో అడగాలి.

తుప్పుకు ఇంకో దుర్గుణం ఉంది. అది పుట్టిన ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఒక్కోసారి ఆరు రెట్ల దాకా. రెండు రేకుల్ని స్పాట్ వెల్డింగుతో కలిపిన చోట తుప్పు మొదలైతే అది ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది, ఆ సందులోకి ఇంకా నీళ్లు వెళతాయి. వాన కాలువ కింద, అద్దాల రబ్బర్ల కింద, చక్రాల గూళ్లలో, తలుపుల అడుగున రంగు బుడగలా లేచిందంటే లోపల అదే జరుగుతోందని అర్థం. చింతచెట్టు కింద నిలిపిన బండిలో నీళ్లు దిగే చిల్లులకు ఆకు అడ్డం పడుతుంది, నీళ్లు బయటికి పోవు. ముందు ఆ చిల్లులన్నీ ఇనుప ఊచతో పొడిచి తెరవాలి.

తుప్పు మీద లప్పం పట్టి రంగు కొట్టడం ఒక్క వానాకాలం ముచ్చట. మెరిసే లోహం కనబడేదాకా కోసెయ్యాలి. అట్టముక్కతో కొలత తీసి, 18 గేజి రేకు కత్తిరించి, వంచి, అతికించాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒక చివర్నుంచి ఇంకో చివరికి ఏకంగా వెల్డింగు లాగితే వేడెక్కిన అంచు సాగుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది, రేకంతా అలలు తేలుతుంది. అందుకే అక్కడో చుక్క, ఇక్కడో చుక్క, చల్లారాక మధ్యలో ఇంకోటి. పలచని రేకుకు రాడ్డు వెల్డింగు పనికిరాదు, చిల్లుపడుతుంది. తీగె దానంతటదే వచ్చే సీఓటూ వెల్డింగు మంచిది. మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసెయ్యాలి, డీజిల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి, బకెట్టు నీళ్లూ ఇసుకా దగ్గరుంచుకోవాలి. జింకు పూత ఉన్న జీఐ రేకు వాడితే ఆ తెల్ల పొగ పీల్చకూడదు. జింకు ఆవిరి ఒంట్లోకి వెళితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. అతుకు పూర్తయ్యాక రెడ్ ఆక్సైడ్, ఆపైన రంగు, పెట్టెల లోపలికి పలచని మైనం పోత. మన షెడ్డుల్లో వాడేసిన ఇంజినాయిలు కొట్టే అలవాటుంది. అది రేకును కాపాడుతుంది కానీ పెరటి మట్టిలోకి, బావి నీళ్లలోకి దిగుతుంది. ఇంటి దగ్గర ఆ పని వద్దనే నా మాట.

ఇంజిన్ విషయంలో మనకు అదృష్టం కలిసొచ్చింది. తర్వాతి మెటాడోర్లకు పెట్టింది మెర్సిడెస్ లైసెన్సుతో తయారైన ఓఎం 616 డీజిల్. నాలుగు సిలిండర్లు, దాదాపు 2400 సీసీ. జర్మనీలో టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన మెర్సిడెస్ 240డి కారుకూ ఇదే ఇంజిన్. మెటాడోర్ ఆగిపోయినా ఈ ఇంజిన్ అదే కంపెనీ ట్రాక్స్, ట్రావెలర్ బళ్లలో బతికింది. కాబట్టి రింగులు, గ్యాస్కెట్లు, నాజిళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇందులో గాలిని 21 వంతుల్లో ఒక వంతుకు నొక్కుతారు. అలా నొక్కిన గాలి ఐదారు వందల డిగ్రీలకు వేడెక్కి, నిప్పురవ్వ లేకుండానే డీజిల్‌ను అంటిస్తుంది. అయితే డీజిల్ మొదట మండేది పక్కనున్న చిన్న గదిలో. చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలే వేడిని మింగేస్తాయి, అందుకే హీటర్ ప్లగ్గులు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించుకునేవాళ్లు ముందు ఆ నాలుగు ప్లగ్గుల్నీ పరీక్షించుకోవాలి.

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌ను తాళం తిప్పి లేపకూడదు. హీటర్ ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లోంచి సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, రెండు రోజులు నానబెట్టి, ముందున్న పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పాలి. ట్యాంకు అడుగున చేరిన నీళ్లకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు జిగురు పొరలా పెరుగుతాయి. అదంతా కడిగి, కొత్త ఫిల్టరు వేసి, పైపుల్లోంచి ఎయిర్ తీసెయ్యాలి. డీజిల్ పంపులో కడ్డీకీ గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులే. అక్కడ గాలిబుడగ చేరినా, ఇసుక రేణువు చేరినా బండి కదలదు.

లోపల ఇల్లు కట్టేటప్పుడు యూరప్ పుస్తకాల్ని గుడ్డిగా నమ్మొద్దు. వాళ్ల దిగులు చలి. మనకు మేలో మధ్యాహ్నం చదరపు మీటరు టాపు మీద దాదాపు ఒక కిలోవాట్ ఎండ పడుతుంది. అంటే ఆ ఒక్క మీటరు మీదే ఒక ఇస్త్రీపెట్టె పెట్టినట్టు. లోపల థర్మాకోల్ కుక్కేకన్నా టాపుకు తెల్ల రంగు వేసి, దాని మీద నాలుగు వేళ్ల ఎత్తున ఇంకో రేకు నిలబెట్టడం మేలు. పై రేకు ఎండ తింటుంది, మధ్యలో గాలి పారి వేడిని మోసుకుపోతుంది. ఇంజిన్ కూడా రెండు సీట్ల మధ్యనే ఉంటుంది, దాని మూతకు లోపలివైపు వేడి ఆపే దళసరి పొర తప్పనిసరి.

సామాను ఎక్కడ పెడతామన్నది అందం కోసం తేల్చే విషయం కాదు. లీటరు నీళ్లు కిలో బరువు. వంద లీటర్ల ట్యాంకు, గ్యాస్ బండ, బ్యాటరీ అన్నీ వెనక తలుపు దగ్గర పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. లాగేవి అవే. గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు బండి వాలుతుంది, బరువు ఇంకా వెనక్కి జారుతుంది, తడి రోడ్డు మీద ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి. నీళ్ల ట్యాంకు డ్రైవరు సీటు వెనకే ఉండాలి. మంచం, బట్టల్లాంటి తేలిక సామాను వెనక్కి.

కాగితాల పనిని చివరికి నెట్టొద్దు. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. బండి రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్టీవో అనుమతి కావాలి, ఆ మార్పు ఆర్సీలో ఎక్కాలి. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. కానీ దానికి బండి పుట్టినప్పటి రూపం చెడకూడదు, పైగా అలాంటి బండిని రోజూ తిప్పడానికి లేదు. తొలి మెటాడోర్లు ఆ వయసుకు చేరాయి. ఇల్లుగా మార్చుకోవాలా, పాత రూపంలోనే నిలబెట్టాలా అన్నది రేకు కోయకముందే తేల్చుకోవాలి.

అన్నీ అయ్యాక, మొదటి ప్రయాణానికి ముందు, బ్రేకులు. చక్రాల దగ్గరి సిలిండర్లలో రబ్బరు కప్పులు ఏళ్ల తరబడి కదలక గట్టిపడి ఉంటాయి, చూడ్డానికి బాగున్నా మార్చెయ్యాలి. బ్రేక్ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల దగ్గర మరిగితే, తేమ తాగినది 140కే మరగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు పెడలు మీద కాలు తీయకుండా ఉంటే డ్రమ్ములు ఆ వేడికి సులువుగా చేరుకుంటాయి. పైపులో ఆయిలు ఆవిరైతే పెడలు మెత్తగా నేలను తాకుతుంది, బండి ఆగదు. కాబట్టి పాత ఆయిలు పూర్తిగా తీసేసి కొత్తది పోయాలి. మారేడుమిల్లి నుంచి దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, వాలు మొదలవకముందే రెండో గేరు వెయ్యాలి. డీజిల్ ఆగిపోయినా చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది, లోపలి రాపిడికీ గాలి పీల్చి వదలడానికీ శక్తి ఖర్చవుతుంది, అలా బండి జోరును కొంత ఇంజినే ఆపుతుంది. బ్రేకు అడపాదడపా నొక్కితే చాలు.