అరకు కాఫీ: కొండ గుణం, చేతి గుణం



అరకు కాఫీ అనే మాట ఈనాడు మన మన్యం దాటి చాలా దూరం పోయింది. 2017లో పారిస్ నగరంలో ఆ పేరుతోనే ఒక దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు వచ్చింది, బాగానే ఉంది. మరి ఆ పేరు ఎందువల్ల వచ్చింది? ఎందువల్ల నిలుస్తుంది? ఎందువల్ల పోతుంది? ఈ సంగతులు కాస్త ముచ్చటించుకుందాం.

అరబికా కాఫీ పుట్టినిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా కొండలు. అక్కడినుంచి యెమెన్ మీదుగా ముందు కన్నడ దేశపు కొండలకు చేరింది. మన తూర్పు కనుమల్లో 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదట నాటించాడు. తర్వాత అది అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకింది. 1960 దశకంలో అటవీశాఖ రిజర్వు అడవుల్లో పెద్ద ఎత్తున తోటలు వేసింది. ఆపైన పోడు కొట్టే నేలల్లో గిరిజన కుటుంబాలే సొంతంగా కాఫీ వేసుకున్నాయి. పోడుకు చెట్టు నరకాలి; కాఫీకి చెట్టు నిలపాలి. ఆ విధంగా కాఫీ కొండకూ మేలు చేసింది, ఇంటికీ నాలుగు డబ్బులు తెచ్చింది.

ఇక దీని గుణం చూద్దాం. బజారులో దొరికే కాఫీ చాలావరకు పలుచోట్ల గింజలు కలిపినది. ఒకే సీమలో పండి, వేరే గింజ కలవకుండా, ఆ సీమ పేరుతోనే అమ్ముడుపోయే కాఫీ వేరు. నెల్లూరు మొలగొలుకులని పేరు పెట్టి అడిగి బియ్యం కొన్నట్టే, దీన్నీ పేరు పెట్టి అడిగి కొంటారు.

అరకు అరబికా సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, అంటే సుమారు 3,000 నుంచి 3,600 అడుగుల మీద పండుతుంది. అక్కడ రాత్రులు చల్లన. పైన సిల్వర్ ఓక్, పనస మొదలైన చెట్ల నీడ. ఆ చెట్లకే మిరియపు తీగ. మార్చి, ఏప్రిల్ జల్లులకు పూసిన పువ్వు నవంబరు నుంచి జనవరి దాకా పండుతూ ఉంటుంది. చలీ నీడా తోడై పండు తొందరపడదు. నిదానంగా పండిన పండులో గింజ గట్టిపడుతుంది, తీపి నిండుతుంది. కప్పులో తగిలే ఆ కమ్మని వాసన, సన్నని పులుపు అక్కడినుంచి వచ్చినవే.

అయితే ఒక మాట. కొండ చేసే పని పండు పండేవరకే. తర్వాత పని మన చేతిది.

కాఫీ రుచి కట్టేవారు ఎలా చూస్తారో వినండి. ఒకే సరుకు నుంచి ఐదు కప్పులు కలుపుతారు. నూటికి మార్కులు వేస్తారు. 80కి తగ్గకుండా వస్తేనే స్పెషాలిటీ కాఫీ. ఒక్కో కప్పుకు పట్టే గింజలు యాభై, అరవై. వాటిలో ఒక్కటి కుళ్ళినదైనా ఆ కప్పు చెడుతుంది. నాలుగు కప్పులు బాగుండి ఒకటి చెడినా మార్కులు తగ్గుతాయి. కాబట్టి బస్తాలో ఎక్కడో దాగిన చెడ్డ గింజ ఎవరికి కనబడుతుందని అనుకోకండి. కనబడుతుంది!

అందుకని ఏం చెయ్యాలి? కొమ్మ మొత్తం దూసెయ్యకండి. ఎర్రగా పండినవే కోయండి. పది, పదిహేను రోజులకు మళ్ళీ తోట చుట్టండి. పచ్చికాయ పడితే వేరుచేసి విడిగా ఎండబెట్టండి. కోసిన పండును నీళ్ళలో వేసి, తేలినవి తీసెయ్యండి. కోసిన రోజే పల్పర్‌లో తోలు తీయించాలి. రాత్రంతా బస్తాలో మగ్గనిస్తే పులిసిపోతుంది.

తోలు తీసినా గింజమీద జిగురుంటుంది. చలినిబట్టి ఒకటి, ఒకటిన్నర రోజు తొట్టిలో ఉంచితే అది వదులుతుంది. గుప్పెడు గింజలు పట్టి నలపండి. జారకుండా గరగరలాడితే జిగురు పోయినట్టే. వెంటనే శుభ్రమైన నీటితో కడగాలి. ఆ మురికినీరు గెడ్డలో కలవనీయవద్దు.

ఎండబోసేది మట్టినేల మీద కాదు. మట్టివాసన గింజ పట్టేస్తుంది. మంచె మీద వల పరిచి పలుచగా పోయండి, తరచు కలపండి, సాయంకాలం మంచు తగలకుండా కప్పండి. తేమ నూటికి 10, 11 పాళ్ళకు దిగాక శుభ్రమైన సంచుల్లో చెక్కమీద పెట్టండి. పక్కన కిరోసిను, ఎరువు, మిరపకాయలు ఉండరాదు.

మరో హెచ్చరిక. 2025 ఆగస్టులో అరకు తోటల్లో కాయ తొలుచు పురుగు కనబడింది. కాయ కొనన సూదిమొనంత రంధ్రం దాని గుర్తు. కోత ముగిశాక చెట్టుమీదా నేలమీదా ఒక్క కాయ మిగలనివ్వకండి. ఆ కాయే పురుగుకు ఇల్లు. పుచ్చినవాటిని మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచండి. ఒక తోట గోనెలు దులపకుండా ఇంకో తోటకు తీసుకుపోకండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. చెప్పేదానికన్నా చూపించేది మేలు. పండ్లే ఏరి చేసిన గింజలు, దూసి నేలమీద ఎండబోసిన గింజలు, రెండూ వేరువేరుగా మూకుడులో వేయించి, ఊళ్ళోనే పాలు లేకుండా కాచి రైతుల చేతికివ్వండి. ఎవరి కాఫీ వారు తాగి చూసుకుంటే మీ ఉపన్యాసంతో పని ఉండదు.

అరకు అన్న పేరు ఏ ఒక్కరిదీ కాదు. వెయ్యి తోటలవారు కలిసి నిలిపిన పేరును ఒక బస్తా చెడపగలదు. ఈ కోతకు బుట్ట కట్టుకునేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.