పెట్టె మీద ఆరు వేలు, లోపల పది నానోసెకన్లు

గేమింగ్ పీసీ కట్టుకునేవారు ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి పెట్టె మీది పెద్ద అంకెకే మోజుపడతారు. 5600 కన్నా 6000, 6000 కన్నా 7200 మేలనుకుంటారు. ఆ అంకె అబద్ధమేమీ కాదు, కాకపోతే సగం సంగతే చెబుతుంది. మిగతా సగం పక్కన చిన్నగా కనిపించే సీఎల్30, సీఎల్40లో ఉంటుంది. సీఎల్ అంకెను 2000తో గుణించి పెద్ద అంకెతో భాగిస్తే, తెరిచి ఉన్న వరుసలోంచి డేటా బయటపడటానికి ఎన్ని నానోసెకన్లు పడుతుందో తేలుతుంది. ఇరవయ్యేళ్ల కిందటి డీడీఆర్-400 సీఎల్2కు ఈ లెక్క వేస్తే 10 వస్తుంది. డీడీఆర్4-3200 సీఎల్16కూ 10. నేటి డీడీఆర్5-6000 సీఎల్30కూ పదే! ఈలోగా ఒక స్టిక్ సెకనుకు పంపగల డేటా 3.2 గిగాబైట్ల నుంచి 48కి, అంటే పదిహేను రెట్లకు చేరింది. ఎదురుచూపు మాత్రం తరగలేదు.

దీని మూలం 1966లో ఐబీఎమ్ ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్‌కు తట్టిన ఆలోచనలో ఉంది. అప్పట్లో ఒక్క బిట్‌ను దాచడానికి ఆరు ట్రాన్సిస్టర్లు వాడుతుంటే, ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలని ఆయన చూపించారు. 1968లో పేటెంట్ వచ్చింది. మెమరీ ఇంత చవకైందంటే ఆ పొదుపు వల్లే. అయితే కెపాసిటర్‌లోని విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది కాబట్టి, డీడీఆర్4లో మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ మళ్లీ నింపాలి. చదివితే చాలు, గడిలో ఉన్నది చెరిగిపోతుంది. దాన్ని తిరిగి రాయాలి. పైగా ఆ పిసరంత ఆవేశం పొడవాటి తీగలోకి జారి వోల్టేజీని రవ్వంత కదిలిస్తే, అది ఒకటో సున్నానో సెన్స్ యాంప్లిఫయర్ పోల్చుకోవాలి. ఈ పనిని తొందరపెట్టడం కష్టం. అందుకే తయారీదారులు ఒక్క విడతలో ఎక్కువ బిట్లు తోడే దారి పట్టారు: తొలి డీడీఆర్‌లో ఒక్కో పిన్నుకు 2, డీడీఆర్5లో 16.

అయితే కొత్త తరం దండగేనా అంటే, కాదు. ఎన్నో కోర్లు ఒకేసారి మెమరీ కోసం పోటీపడే ప్రాసెసర్లకు, ఒక్క విడతలో ఎక్కువ డేటా తెచ్చే ఆ వెడల్పు కావాలి. కానీ ఆటలో ప్రాసెసర్‌కు తరచూ ఎదురయ్యే ఇబ్బంది వేరు: ముందు అడిగినది చేతికొస్తే తప్ప తర్వాత ఏం అడగాలో తెలియదు. అక్కడ వెడల్పు అక్కరకు రాదు. 2022లో ఏఎమ్‌డీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ఇందుకు సాక్ష్యం. పాత 5800ఎక్స్ కన్నా దాని క్లాక్ తక్కువ, వాడేది అదే డీడీఆర్4. అయినా ప్రాసెసర్‌లోని మూడో స్థాయి క్యాష్‌ను 32 నుంచి 96 మెగాబైట్లకు పెంచి, ర్యామ్ గడప తొక్కే అవసరాన్ని తగ్గించడంతో చాలా ఆటల్లో పాతదాన్ని దాటేసింది. ఇక 4కే రిజల్యూషన్‌లో ఆడేవారికి సాధారణంగా అడ్డుపడేది గ్రాఫిక్స్ కార్డే. దాని మెమరీ దానికే ఉంటుంది.

కాబట్టి డీడీఆర్5 బోర్డు కొన్నవారికి 6000 సీఎల్30లో 16 జీబీ స్టిక్‌లు రెండు సరైన బేరం. అంతకు పైన పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు మళ్లిస్తే నయం. ముందు ఒకటి కొని, తర్వాత ఇంకొకటి చేర్చుకుందామనే ఆలోచన పొదుపులా కనిపిస్తుంది గానీ, అన్నాళ్లూ రెండు మెమరీ ఛానెళ్లలో ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 తరచూ వేగం తగ్గించుకుంటుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ఆ రెండింటినీ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయాలి. లేదంటే 6000 వేగమని కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడవవచ్చు.