పాట చిక్కినా రాగం చెడదు!

మైపాడు తీరంలో అలలు హోరెత్తుతుండగా మీ స్నేహితుడు గుసగుసగా మాట్లాడితే వినిపిస్తుందా? వినిపించదు. ఆ మాట మీ చెవిదాకా వచ్చింది. కాని పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని కప్పివేసింది. చెవికున్న ఈ గుణం వల్లనే చిన్న సెల్‌ఫోనులో వేల పాటలు ఇముడుతున్నాయి!

ముందొక లెక్క చేద్దాం. సి.డి.లో ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో, అనగా 16 సున్నాలు, ఒకట్లతో రాస్తారు. కుడి ఎడమలకు రెండు వరుసలు. 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు. ఇది ఒక్క సెకనుకే! ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన మూడు నిమిషాల పాటకు సుమారు 32 మెగాబైట్ల చోటు కావాలి. అదే పాట ఎం.పి.3 రూపంలో, సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున, 3 మెగాబైట్లలోపే ఇముడుతుంది. పదకొండో వంతు!

మిగతా భాగం ఏమైంది?

కంప్యూటరు పాటను అతి చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో లెక్కకడుతుంది. ఈ గణితానికి మూలమైన పద్ధతిని 1974లో ప్రకటించినవారు నాసిర్ అహ్మద్, నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. రావుగారు మద్రాసు గిండీ కళాశాలలో చదివి, అమెరికాలో ఆచార్యులైనారు.

తరువాత పొదుపు మొదలవుతుంది. బంగారాన్ని మిల్లీగ్రాములలో తూస్తాం. చేపలను అంత సూక్ష్మంగా తూచం కదా! అలాగే చెవి పసిగట్టే ధ్వనులను సూక్ష్మంగా, మరుగుపడేవాటిని ముతకగా కొలుస్తారు. బొత్తిగా వినపడనివాటిని వదిలేస్తారు. ముతక కొలత వల్ల కొంత రొద పుడుతుంది. కాని అదికూడా పెద్ద ధ్వని చాటునే దాగిపోతుంది. చివరకు, తరచుగా వచ్చే అంకెలకు పొట్టి గుర్తులు, అరుదైనవాటికి పొడుగు గుర్తులు ఇస్తారు. 1952లో హఫ్‌మన్ చెప్పిన ఈ ఉపాయంలో నష్టమేమీ లేదు.

అయితే ఒక హెచ్చరిక! వదిలేసిన ధ్వని మళ్ళీ తిరిగిరాదు. బిట్లు మరీ తగ్గిస్తే తాళాల మోత గరగరలాడుతుంది. కుదించినదాన్నే మళ్ళీ మళ్ళీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. కనుక మీ నాయనమ్మ పాట, పడవ లాగుతూ జాలరులు పాడే పదం రికార్డు చేస్తే, మొదటి ప్రతిని ఫ్లాక్ వంటి నష్టంలేని రూపంలో దాచండి. అందులో పరిమాణం తగ్గినా ఒక్క బిట్టూ పోదు. పంచుకోవడానికి ఎం.పి.3 చాలు.

ఇప్పుడు మీరే లెక్కకట్టండి: సెకనుకు 64,000 బిట్ల చొప్పున పది నిమిషాల పాటకు ఎన్ని మెగాబైట్లు కావాలి?